బొమ్మ మనది... బేరం ఎవరిది?

ఆదివారం పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ముందుకి ఓసారి వెళ్లి చూడండి. వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్లు, గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని చెట్ల కింద కూర్చున్న పిల్లలు సరేసరి. వాళ్ల మధ్యనే లెహంగా అంచులు ఎత్తిపట్టుకుని మెట్లెక్కుతున్న ఓ కాబోయే పెళ్లికూతురు, ఆమెకి ఎదురుగా కెమెరాతో వెనక్కి వెనక్కి నడుస్తున్న ఓ అమ్మాయి కనిపిస్తారు. అవును, అమ్మాయే! ఒకప్పుడు కెమెరా పట్టుకున్న ఆడపిల్ల కనిపిస్తే జనం ఆగి మరీ చూసేవారు. ఇప్పుడు "కొంచెం పక్కకి జరగండి అంకుల్" అని ఆ పిల్లే జనాన్ని జరుపుతోంది.

1939 డిసెంబరులో ప్రారంభమైన ఆ భవనాన్ని బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ ఎంత ముచ్చటపడి గీశాడో గానీ, ఇన్ని వేల పెళ్లి ఆల్బమ్‌లకి అది వెనకతెర అవుతుందని కలలో కూడా అనుకుని ఉండడు.

మా తార్నాక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు అమ్మాయి క్యాంపస్‌లో ఎమ్మే చదువుతోంది. నాన్నని ఒప్పించి, ట్యూషన్లు చెప్పిన డబ్బులు కొన్ని కలిపి సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనుక్కుంది. ఓ సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ అడిగింది: "ఫొటోలు నెట్‌లో పెడితే డాలర్లు వస్తాయట కదా ఆంటీ! మీరు పేపర్‌కి రాస్తారుగా, నిజమో కాదో చెప్పండి." వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాలుగు చోట్ల కనుక్కుని, కంపెనీల నిబంధనలు ఓపిగ్గా చదివి, ఆ అమ్మాయి చేత ఖాతా కూడా తెరిపించి చూశాక రాస్తున్న సంగతులివి. వస్తాయి, నిజమే. ఎంత వస్తాయి, ఎవరి చేతికి వస్తాయి అన్న దగ్గరే కథంతా ఉంది.

డాలరులో పదోవంతు

ఇంటర్నెట్‌లో ఫొటోలు అమ్మడమంటే ముందుగా అందరూ చెప్పేది 'స్టాక్ ఫొటో'ల గురించి. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఎక్కడో ఓ పత్రికకో, ప్రకటనల కంపెనీకో ఒక బొమ్మ కావాలి. మనిషిని పంపి తీయించే బదులు, బొమ్మల దుకాణంలోంచి ఒకటి ఏరుకుంటారు. వాళ్లు కట్టిన డబ్బులో కొంత దుకాణానికి, కొంత తీసినవాళ్లకి. 2000లో కెనడాలో ఐస్టాక్‌ఫొటో ఈ పద్ధతికి నాంది పలికింది. 2003లో షట్టర్‌స్టాక్ వచ్చింది. 2015లో ఫొటోలియా అనే కంపెనీని కొనేసి అడోబీ కూడా తన దుకాణం తెరిచింది. ఇక్కడ మన బొమ్మని ఒకేసారి అమ్మేసుకోం, వాడుకోవడానికి అనుమతి మాత్రం ఇస్తాం. పట్టుచీర అమ్మడం కాదు, అద్దెకివ్వడం అనుకోండి. ఒకే ఫొటో వందమందికి అద్దెకి వెళ్లవచ్చు.

వినడానికి ఎంత బాగుందో కదూ! ఇక అద్దె సంగతి. అడోబీ స్టాక్ ఫొటోకి వచ్చిన సొమ్ములో 33 శాతం, వీడియోకి 35 శాతం తీసినవాళ్లకిస్తుంది. షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో పద్ధతి మార్చి, 15 నుంచి 40 శాతం దాకా మెట్లు పెట్టింది. ఎన్ని ఎక్కువ అమ్ముడైతే అంత పైమెట్టు. అయితే ఏటా జనవరి ఒకటిన అందరూ మళ్లీ కిందిమెట్టుకే రావాలి. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడ్డట్టు! ఆ కిందిమెట్టు మీద ఒక డౌన్‌లోడ్‌కి పది సెంట్లే రావచ్చు. మన డబ్బుల్లో పది రూపాయలు కూడా కాదు. పైగా అడోబీలో ఖాతాలో 25 డాలర్లు పోగయితే గానీ చేతికివ్వరు.

అంటే ఇది నెల జీతం కాదు, ముంత కింద పెట్టిన చిల్లర. పెట్టుబడి పెట్టి కొత్త కెమెరా కొని, వాయిదాలు దీంతోనే కడదామనుకుంటే మాత్రం వద్దనే నా సలహా. ఇప్పటికే చేతిలో కెమెరా ఉండి, తీసిన ఫొటోలు హార్డ్‌డిస్క్‌లో మూలుగుతుంటే... అప్పుడు వేరే సంగతి.

మా పై అంతస్తు అమ్మాయి మొదట్లో ఏం పంపిందో తెలుసా? సూర్యాస్తమయాలు, గులాబీలు, ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో పావురాలు. ప్రపంచంలో ప్రతి ఒక్కరూ అవే పంపుతారు. మన దగ్గర తప్ప మరెక్కడా దొరకనివేమిటో ఆలోచించమన్నాను. ఆవకాయ కలుపుతున్న చేతులు, తంగేడు పూలతో బతుకమ్మ పేర్చే వరసలు, బోనం కుండకి పసుపు పూస్తున్న అమ్మమ్మ, ఉగాది పచ్చడి ఆరు రుచులూ విడివిడిగా గిన్నెల్లో. వాళ్లమ్మగారి వంటగదే స్టూడియో అయింది. కిటికీ వెలుతురు ఉంటే లైట్లు కూడా అక్కర్లేదు. పండక్కి రెండు మూడు నెలల ముందే బొమ్మ దుకాణంలో ఉండాలి. దసరాకి వాడుకునేవాళ్లు దసరా రోజున వెతకరు మరి. వివరాలు ఇంగ్లిష్‌లో రాయాలి. 'పండగ వంట' అని ఊరికే కాకుండా ఆ వంట పేరు, ఊరు, ప్రాంతం, వాడిన దినుసులతో సహా రాస్తేనే వెతికేవాళ్లకి దొరుకుతుంది.

బొమ్మలో మనిషి ముఖం గుర్తుపట్టేలా ఉండి, దాన్ని ప్రకటనలకి అమ్మాలంటే ఆ మనిషి సంతకంతో 'మోడల్ రిలీజ్' పత్రం జతచేయాలి. పిల్లలైతే తల్లో తండ్రో సంతకం చేయాలి. అమ్మమ్మే కదా అని వదిలేస్తే కుదరదు, ఆవిడా సంతకం పెట్టాల్సిందే! వార్తల కోసం వాడే ఫొటోలకి ఈ పత్రం అడగరు గానీ, వాటిని ప్రకటనల్లో వాడనివ్వరు. భవనాల ఫొటోలకి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. అయితే యూనివర్సిటీ ఆవరణలోకి సరంజామాతో వెళ్లి వ్యాపారానికి షూటింగ్ చేయడం వేరే సంగతి. దానికి ముందుగా యూనివర్సిటీ అధికారుల అనుమతి అడగడం మంచిది. సెక్యూరిటీ వాళ్లతో వాదన పెట్టుకుంటే పెళ్లివారి ముందు పోయేది మన పరువే.

మేడ మీది డీటీపీ

ఇప్పుడు ఇంకో ఇంటికి వెళదాం. ఇదీ తార్నాకలోనే. 1990ల్లో క్యాంపస్ చుట్టుపక్కల చదివినవాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. థీసిస్ టైపింగ్, స్పైరల్ బైండింగ్, జిరాక్స్. టైప్ మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక ఎంతోమంది ఆడవాళ్లు అను ఫాంట్లు నేర్చుకుని డీటీపీలో కుదురుకున్నారు. నాకు తెలిసిన ఓ ఆవిడ అలాగే మేడ మీద గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి థీసిస్‌లు, పెళ్లి కార్డులు చేసేవారు. తర్వాత విద్యార్థులు సొంత లాప్‌టాప్‌లు కొనుక్కున్నారు, ఆవిడ గదికి తాళం పడింది. "చదువుకున్నోళ్లు బాగుపడ్డారు, నా పని పోయింది" అని నవ్వేవారు.

ఆ తాళం మళ్లీ తెరుచుకుంది. ఈసారి గిరాకీ మెట్లెక్కి రావడం లేదు, వాట్సాప్‌లో వస్తోంది. శుభలేఖలు ఫోన్లోకి వచ్చేశాయి. బొటీక్‌లకి రోజుకో పోస్టర్ కావాలి. పచ్చళ్లు, పొడులు ఇంట్లో చేసి అమ్మే ఆడవాళ్లకి సీసా మీద లేబుల్ కావాలి. విదేశాల్లోని తెలుగు సంఘాలకి ఉగాదికి, బతుకమ్మకి ఆహ్వానపత్రం కావాలి, అదీ ఒత్తులు ఊడిపోకుండా! ఇక్కడే ఆవిడ పాత చదువు అక్కరకొచ్చింది. ఖండాంతరాల్లో ఉన్న డిజైనర్ రంగులు బ్రహ్మాండంగా కలపగలడు గానీ, 'శ్రీరస్తు శుభమస్తు' అచ్చుతప్పు లేకుండా వేయడం అతని వల్ల కాదు కదా. స్టాక్ ఫొటోల దుకాణంలో లక్షలమందితో పోటీ. తెలుగు అక్షరం దగ్గర ఆ పోటీ చాలా తక్కువ.

సాధనాలకి డబ్బు పోయాల్సిన పని కూడా లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు, వాటి లైసెన్సే అలాంటిది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చిన దొంగ కాపీ ఫాంటుతో కంపెనీకి లోగో చేసిస్తే మాత్రం చిక్కులు మీకే. ఇంక్‌స్కేప్, జింప్ వంటి సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. ఇక కాన్వా సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇంటర్ పిల్లలు కూడా వాడేస్తున్నారు. అది పుట్టిన తీరు మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మెలనీ పెర్కిన్స్ అనే అమ్మాయి యూనివర్సిటీలో చదువుకుంటూ తోటి విద్యార్థులకి డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పేది. ఇంత కష్టంగా ఎందుకుండాలి అనుకుని, 2007లో స్కూళ్ల వార్షిక సంచికలు తేలిగ్గా తయారుచేసుకునే పని మొదలుపెట్టింది, వాళ్లమ్మగారి ముందుగదిలో. అదే పెరిగి 2013లో కాన్వా అయింది. ఇప్పుడు కాన్వాకి డిజైన్ నమూనాలు చేసిచ్చి, వాడకాన్ని బట్టి రాయల్టీ తీసుకునే పథకం కూడా ఉంది. అందరినీ తీసుకోరు, దరఖాస్తు చూసి ఎంపిక చేస్తారు.

ఫొటోగ్రఫీలోనూ దగ్గరి గిరాకీయే అసలు ఆదాయం. సీమంతం, బారసాల, ఓణీల వేడుక... ఇలాంటి చోట ఆడవాళ్లు తీస్తే బాగుండుననుకునే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. ఇది కొత్త సంగతి కాదు సుమా! 1892లోనే రాజా దీన్‌దయాళ్ మన హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, ఒక ఆంగ్లేయ మహిళకి అప్పగించాడు. అప్పట్లో బయటివాళ్ల కంటపడకుండా మేనాలో వెళ్లేవారు, ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఫోన్ చేస్తున్నారు.

'ఖాళీ టైమ్‌లో చేసేదేగా!'

ఇక్కడో మాట. మన ఇళ్లలో ఆడవాళ్ల సంపాదనని 'వేణ్నీళ్లకు చన్నీళ్లు' అనడం అలవాటు. నాకీ మాటంటే మొదటినుంచీ గిట్టదు. చన్నీళ్లకి ఎవరైనా ధర కడతారా? "ఇంట్లోనే కూర్చుని చేసేదేగా, ఓ మూడొందలిస్తాలే" అంటారు తెలిసినవాళ్లు. మనమూ మొహమాటపడి తలూపుతాం. లెక్క వేసి చూడండి. ఒక శుభలేఖ వీడియోకి ఐదొందలు ఒప్పుకున్నారనుకుందాం. మొదట నాలుగు గంటలు. పెళ్లికొడుకు మేనమామ పేరు చేర్చమంటే గంట. రంగు నచ్చలేదని మళ్లీ రెండు గంటలు. ముహూర్తం మారిందని ఇంకో గంట. ఎనిమిది గంటలకి ఐదొందలు, అంటే గంటకి అరవై రెండున్నర. ఇందులోంచే కరెంటు, ఇంటర్నెట్, కళ్లద్దాలు!

డీటీపీ ఆవిడ ఇప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నారు. సగం డబ్బు ముందు. రెండు దిద్దుబాట్లు ఉచితం, మూడోదాని నుంచి వేరే రేటు. "మొదటి నెల ఇద్దరు ముగ్గురు అలిగి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం మేనమామ పేరు మొదటే చెబుతున్నారు" అన్నారావిడ.

విదేశీ గిరాకీ కోసం ఫైవర్, అప్‌వర్క్ వంటి చోట్లకి వెళ్లేవాళ్లు అక్కడి కోతలు ముందే చూసుకోవాలి. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. ఇరవై డాలర్ల పనికి మనకి దక్కేది పదహారు. అది రూపాయలయ్యేలోగా మారకం ఖర్చు ఇంకొంచెం. మొదట్లో నలుగురి మంచిమాట కోసం తక్కువకి చేయడం తప్పదేమో గానీ, అదే ధరలో ఇరుక్కుపోతే పైకి రావడం కష్టం. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశం లోపలి చెల్లింపులు మానేసింది. విదేశాల నుంచి రావలసిన డబ్బుకి మాత్రం అది పనికొస్తుంది. పేయోనీర్ కూడా ఉంది. ఏదైనా సరే ఖాతా, పాన్ కార్డు మీ పేరు మీదే ఉండాలి. "మా ఆయన ఖాతాలో వేయండి" అన్నారో, మీ సంపాదనకి మీ దగ్గరే రుజువుండదు. రేపు బ్యాంకులో లోన్ అడిగినప్పుడు తెలుస్తుంది ఆ తేడా.

అమెరికన్ స్టాక్ కంపెనీలు డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం అడుగుతాయి. చాలామంది భయపడి వదిలేస్తారు. అది నింపకపోతే అమెరికాలో అమ్ముడైన వాటి రాయల్టీ మీద 30 శాతం కోసేస్తారు. నింపితే, మన దేశంతో ఉన్న ఒప్పందం ప్రకారం అది 15 శాతానికి తగ్గుతుంది. పది నిమిషాల పని. ఇక్కడ సేవలకి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటితేనే. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఎంత వచ్చినా చూపించాలి.

సంతకం లేని చోట

మా అమ్మాయి దగ్గరికి మళ్లీ వస్తాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద తను తీసిన ఓ జంట ఫొటో చాలా బాగా వచ్చింది. సంబరపడి తన పేజీలో పెట్టుకుంది. మర్నాడు పెళ్లికూతురి అన్నయ్య ఫోన్! "మా చెల్లెలి ఫొటో పెట్టడానికి నువ్వెవరు?" ఈ పిల్ల ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చింది. "తీసింది నేనే కదా ఆంటీ, ఫొటో నాదే కదా?"

కాదు. చాలామందికి తెలియనిది ఇదే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఫొటో తీసినవాళ్లదే హక్కు. కానీ ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ఉద్యోగంలో భాగంగా తీస్తే యజమాని. ఆవకాయ చేతుల ఫొటో ఆ అమ్మాయిది, పెళ్లికూతురి ఫొటో కాదు. చట్టం సంగతి అటుంచినా, ముక్కూమొహం తెలియనివాళ్లంతా తన ఫొటో చూడాలో వద్దో ఆ పెళ్లికూతురే కదా చెప్పాలి! అన్నయ్య కోపంగా మాట్లాడాడు గానీ తప్పు మాట్లాడలేదు. ఫొటో తీసేసి, క్షమాపణ చెప్పింది.

డిజైన్ల విషయంలో చట్టం ఇంకోలా ఉంటుంది. ఉద్యోగం కాకుండా విడిగా గీసిచ్చిన లోగోకి మొదటి హక్కు గీసినవాళ్లదే. ఆ హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లనే లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. బొటీక్ సంచీ మీద వేసుకుంటామని వెయ్యి రూపాయలిచ్చి బొమ్మ తీసుకుని, తర్వాత చీరల అంచుల మీద, మగ్గుల మీద అచ్చేస్తున్నవాళ్లు కోకొల్లలు. అడగొచ్చా? అడగొచ్చు. 'సంచీ వరకే' అని మొదటే రాసుకుని ఉంటే బలంగా అడగొచ్చు. పెద్ద వకీలు భాష ఏమీ అవసరం లేదు. ఏ బొమ్మ, దేనికి, ఎంతకాలం, ఎంత డబ్బు, పేజీలో పెట్టుకోవచ్చా లేదా... ఐదు వరుసలు తెలుగులో రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: కంప్యూటరే బొమ్మలు గీసేస్తుంటే మనమెందుకు? భయం ఊరికే పుట్టలేదు. కృత్రిమ మేధతో చేసిన బొమ్మల్ని 2022లో గెటీ కంపెనీ వద్దంది, అడోబీ స్టాక్ అదే ఏడాది రమ్మంది. అడోబీ తన దుకాణంలోని బొమ్మలతోనే ఫైర్‌ఫ్లై అనే యంత్రానికి శిక్షణ ఇచ్చి, 2023లో ఆ బొమ్మల యజమానులకి కొంత బోనస్ పంచింది. గులాబీలు, సూర్యాస్తమయాలు అమ్మేవాళ్లకి దీనివల్ల గడ్డుకాలమే, దాచడమెందుకు. కానీ ఫలానావారి అమ్మాయి సీమంతాన్ని యంత్రం తీయలేదు. తెలుగు అక్షరాల దగ్గరా అది ఇంకా తడబడుతూనే ఉంది. మన వీధుల్లో ఫ్లెక్సీలు చూస్తున్నారుగా!

మరొక్క హెచ్చరిక. పని ఇస్తామంటూ మీ దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజనో, డిపాజిట్ అనో ముందు డబ్బు అడిగితే అది పని కాదు, మోసం. డబ్బు పంపుతున్నాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అన్నా అంతే. డబ్బు రావడానికి మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మా పై అంతస్తు అమ్మాయి స్టాక్ ఖాతాలో ఇప్పటికి ఆరు డాలర్ల చిల్లర ఉంది. ఆవకాయ చేతులే ఎక్కువసార్లు వెళ్లాయట. పాతిక ఎప్పటికయ్యేనో! ఈలోగా వచ్చే ఆదివారం హబ్సిగూడలో సీమంతం ఒప్పుకుంది. సగం డబ్బు ముందే తీసుకుంది. నిన్న రాత్రి వచ్చి, తెల్లకాగితం మీద రాసుకున్న ఐదు వరుసలూ నాకు చూపించి "ఇందులో 'నా పేజీలో పెట్టుకోవచ్చా' అన్నది పైన రాయనా, కింద రాయనా ఆంటీ?" అని అడిగింది. పైనే రాయమన్నాను.